నిండుకున్న ఇల్లు

కాటన్‌పేటలో నేను బాడుగకున్న గదికి ఒకటే కిటికీ. కిటికీకి అవతల అరుగు. మా వైపు దాన్ని జగిలి అంటారు. ఆ జగిలి మీద ఒక అవ్వ ఉండేది. యాభైలలో బెంగళూరులో సర్కారు ఆఫీసులో టైపు గుమాస్తా ఉద్యోగం దొరికి నేను ఆ గదిలో దిగిన రోజున ఇంటాయన నాకు కొళాయి చూపించాడు, బొగ్గులు పోసుకునే మూల చూపించాడు, తాళంచెవి తగిలించుకునే మేకు చూపించాడు. అవ్వని మాత్రం చూపించలేదు. చిన్నప్పటినుంచీ చూస్తున్న మనిషి కాబట్టి, గోడలో గూడులాగా ఆమె కూడా ఇంటితో వచ్చిందే అనుకున్నట్టుంది.

నేను కూడా మనుషుల్ని వెతుక్కుంటూ పోయే రకం కాదు. అమ్మానాన్నా నాకు ఊహ తెలియకముందే పోయారు. మేనమామ ఇంట్లో పెరిగాను. పెరిగినన్నాళ్లూ ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ నేను పోయి నా కాళ్ల మీద నిలబడే రోజు కోసం అందరూ మర్యాదగా ఎదురుచూశారు. అందుకేనేమో నాకు మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆఫీసులో నా వెనక నన్ను ముళ్లకంప అనేవాళ్లట. అననీ. కానీ శనివారం సాయంత్రం హోటల్లో సప్లయరుతో ఇంకో ఇడ్లీ అన్నదే చివరి మాట అయి, సోమవారం పొద్దున గొంతు సవరించుకుంటే తప్ప మాట పెగలని రోజులు చాలా ఉండేవి. ఒంటరితనం అలవాటైపోతుందని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఒంటరిగా ఉండి ఉండరు.

ముందుగా పలకరించింది అవ్వే. వచ్చిన కొత్తలో బెంగళూరు చలి పడక నాకు దగ్గు పట్టుకుంది. ఒక పొద్దున కిటికీ ఊచల్లోంచి ఇత్తడి లోటా ఒకటి లోపలికి వచ్చింది. దాన్లో మిరియాల కషాయం.

"తాగప్పా. దగ్గి దగ్గి గోడ అదరగొడతా ఉండావు. నాకు కునుకు లేదు" అంది.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. నా దగ్గు ఒకరి చెవిన పడిందన్న సంగతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కషాయం ఘాటని చెప్పుకుని సర్దుకున్నాను.

ఆమె సంగతి అట్లా కొంచెం కొంచెంగా తెలిసింది. పక్క సందులోనే ఒకప్పుడు ఆమెకి బాడుగ ఇల్లుండేది. మొగుడు దూది గోదాముల్లో బేళ్లు మోసేవాడు. ఆయన పోయాక ఇల్లు నిలుపుకోలేక, ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని వీధిలో నిలబడితే, మా ఇంటాయన తల్లి లోపలినుంచి చూసి, "ఏలమ్మా నిలబడతావు, మా జగిలి మీద కూర్చో" అందట. కూర్చుంది. కూర్చోమన్నావిడ కాలం చేసింది. అప్పటికి పలకా బలపం పట్టుకుని తిరిగే ఇంటాయనకి తల నెరిసింది. అవ్వ కూర్చునే ఉంది. పగలు మోదుగాకులతో విస్తళ్లు కుట్టి పెళ్లిళ్లు జరిగే సత్రాలకీ హోటళ్లకీ అమ్మేది. ఎవరి దగ్గరా చెయ్యి చాచింది లేదు.

పేటలో ఇట్లాంటివాళ్లు ఆమె ఒక్కతే కాదు. వీధి పొడుగునా జగిలి జగిలికీ ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఒక చోట ముసలి హమాలీ, ఒక చోట కళ్లు కనబడని వైద్యుడు, ఇంకో చోట తల్లీ కూతురూ. ఇంటివాళ్లలో ఒక పెద్ద ఎప్పుడో ఉండమని అన్న మాటే వాళ్లకి పట్టా. ఇంటివాళ్లు మారినా ఆ మాట మారేది కాదు. అవ్వ రోజూ పొద్దున నీళ్లు చల్లి, ఇంటి గుమ్మం ముందు ఇంటివాళ్లు వేసుకునే పెద్ద ముగ్గుకి పక్కన, జగిలి ముందు తనదిగా చిన్న ముగ్గు వేసుకునేది. సాయంత్రం గోడ గూట్లో ప్రమిద వెలిగించేది. ఎవరైనా పాపం ఇల్లూ వాకిలీ లేని మనిషి అన్నారో, కొట్లాటకి వచ్చేది.

ఆ దీపం దగ్గరే నాకు మొదటిసారి చీవాట్లు పడ్డాయి. ఒక సాయంత్రం ఆఫీసునుంచి వస్తూ, కుట్టిన విస్తళ్లు కనబడకపోయేసరికి, "ఏమవ్వా, ఈ పొద్దు ఆకులు లేవా?" అన్నాను. ఆమె ఒక్కసారిగా రెండు చేతులూ ఎత్తి నా నోరు మూసినంత పని చేసింది.

"దీపం పెట్టినాంక లేదనగూడదప్పా! నీకు చెప్పినోళ్లు యెవరూ లేరా? నిండుకుండాయి అను."

చెప్పినవాళ్లు ఎందుకు లేరు? మా అత్త కూడా బియ్యం అయిపోతే బియ్యం నిండుకున్నాయనేది. దీపం ఆరిపోతే కొండెక్కిందనేది. లేదన్న మాట ఇంట్లో వినబడితే లక్ష్మి అలిగి వెళ్లిపోతుందని అందరి ఇళ్లలోనూ ఉన్న పట్టింపే. కానీ ఎప్పుడూ వేరేవాళ్లదే అయిన ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకు ఆ పట్టింపుతో ఏం పని? అందుకని వెటకారంగా, "అట్లయితే నెలాఖరుకి నా జేబు కూడా నిండుకుంటాదవ్వా" అన్నాను. అవ్వ నవ్వింది. పళ్లు పోయిన నోటితో గాలి పోయేట్టు నవ్వేది. ఆనాటినుంచి నెలాఖరు వస్తే చాలు, "యేమప్పా, జేబు నిండుకుండాదా?" అని అడిగేది. ఆ ఊళ్లో నాతో ఆ మాత్రం చనువుగా పరాచికాలాడింది ఆమె ఒక్కతే.

మా ఆఫీసు పని సర్కారు ఖర్చుల లెక్కలు కూర్చడం. బడ్జెట్ నెలల్లో మాకు ఊపిరాడేది కాదు. ఏ శాఖ ఎంత అడిగింది, దాన్లో ఎంత కొయ్యాలి, ఏది ముందు, ఏది వెనక అన్నది మా పైవాళ్లు తేల్చేవాళ్లు. తేల్చింది మేం టైపు కొట్టేవాళ్లం. కొట్టేవాడికి వేళ్లు ఉంటే చాలు, బుర్ర అక్కర్లేదని మా సెక్షన్ పెద్దాయన నమ్మకం. నా బుర్ర మాత్రం ఊరుకునేది కాదు. ఏటా ముందు వరసలో రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు, పార్కులు ఉండేవి. బీదాబిక్కీ సంగతి చివరికి వచ్చేది. అప్పటికి కాగితమూ అయిపోయేది, డబ్బూ అయిపోయేది.

ఒకసారి ఉండబట్టలేక పెద్దాయన్నే అడిగాను, ఎప్పుడూ రోడ్డే ముందెందుకని.

"రోడ్డు కార్లో పోయేవాళ్లకి కనబడతాదయ్యా. బీదవాడి ఇల్లు యెవరికి కనబడతాది?" అన్నాడాయన. పాపం, తప్పని చెప్పడానికి లేదు.

అట్లాంటిది ఒక ఏడాది, ఆ చివరి వరసలో కొత్త పద్దు ఒకటి వచ్చింది. పేటల్లో ఇల్లు లేకుండా బతికేవాళ్లకి ఊరి చివర ఒంటిగది ఇళ్లు కట్టించడానికి కొంత సొమ్ము. పెద్దదేమీ కాదు. అయినా నామమాత్రానికి పెట్టి వదిలేసింది కాదు, నిజంగా ఇళ్లు లేచేటంత. టైపు మిషన్ మీద నా వేళ్లు ఆగిపోయాయి. నేను కొట్టే అంకెల్లో నాకు తెలిసిన మనిషి కనబడడం అదే మొదటిసారి. ఆ సంతోషం పూర్తిగా అనుభవించకముందే, రోడ్ల పద్దులో మా వీధి పేరు కూడా కనబడింది. వెడల్పు చేస్తారు. అంటే రెండు పక్కలా జగిళ్లు పోతాయి.

సభలో చదివేదాకా పైకి చెప్పగూడని సంగతులవి. అన్నాళ్లూ నాకు అన్నం సయించలేదు. చదివిన రోజు సాయంత్రం పేట అంతా అంగళ్ల ముందు రేడియోల చుట్టూ చేరి, దూది మీద పన్ను పెరిగిందా, పొగాకు మీద పెరిగిందా అని చెవులు రిక్కించింది. పన్నుల సంగతి అవగానే రేడియో కట్టేశారు. ఇళ్ల సంగతి ఎవరూ వినలేదు. నేను పోయి అవ్వకి చెప్పాను, ముందు జగిలి సంగతి, తర్వాత ఇంటి సంగతి.

జగిలి పోతుందంటే ఆమె నమ్మలేదు. "యాడికి పోతాది? రాయి కదప్పా" అంది. ఇంటి మాట చెప్పగానే మాత్రం చేతిలో ఆకు కింద పెట్టింది. అడిగింది ఒక్కటే.

"ఆ ఇంటికి గోడలో గూడు ఉంటాదా, దీపానికి?"

ఉంటుందన్నాను. నాకేం తెలుసు? కానీ లేదని ఎట్లా అనేది?

మర్నాటినుంచి అవ్వ వేరే మనిషి అయిపోయింది. నడుము నిటారుగా పెట్టి కూర్చునేది. సంతకి పోయి, ఇల్లు ఊడ్చుకోను కొత్త పొరక ఒకటి కొనుక్కొచ్చింది. పాత పొరకతో కొత్తింట్లో అడుగు పెట్టగూడదు కదా. జగిలి మీద పెడితే ఎవరైనా వాడేస్తారని, దాన్ని గుడ్డలో చుట్టి నా కిటికీ ఊచకి లోపలివైపు కట్టించింది. "నాది కాదప్పా అది, ఆ ఇంటిది. తాకొద్దు" అని కట్టడి చేసింది. విస్తళ్లు కొనడానికి వచ్చినవాళ్లందరికీ, "నేను వాకిలి పెట్టుకున్నాంక ఈ పక్క రాను, ఆకులు ఆడికే వచ్చి తీసుకోండి" అని ముందే చెప్పి పెట్టింది. తలుపు వేసుకుని నిద్రపోయి ఎన్నేళ్లయిందో ఆమె చెప్పగా విన్న రోజు, నా గది తలుపు వేసుకోవడానికి నాకే సిగ్గేసింది.

ఇళ్లివ్వడానికి ముందు, ఎవరికి ఇల్లుంది, ఎవరికి లేదు అని సర్కారు మనుషులు వీధి వీధీ తిరిగి అడుగుతారని ఆఫీసులో తెలిసింది. మనిషి తన నోటితో తాను చెప్పాలి. పక్కవాళ్లు చెబితే చెల్లదు. కూలీనాలీ చేసుకునేవాళ్లు ఇల్లు చేరే పొద్దు అని, సాయంత్రాలే వస్తారట. నేను అవ్వకి బడిపంతులులాగా పాఠం మొదలుపెట్టాను.

"ఆయన వచ్చి ఇల్లుండాదా అని అడుగుతాడు. నువ్వు ఏమంటావు?"

"లేదంటా."

"అంతే. ఇంకేమీ చెప్పొద్దు. మొగుడి సంగతి వద్దు, జగిలి సంగతి వద్దు. లేదు, అంతే."

"లేదు, లేదు, లేదు. సాలా?" అని విసుక్కునేది. పట్టపగలు కాబట్టి ఆమె నోట్లో ఆ మాట బాగానే పలికేది. నేను పగలు నేర్పిన పాఠం సాయంత్రం పనికి రాదన్న సంగతి నా చదువుకున్న బుర్రకి తట్టలేదు.

వాన పట్టిన సాయంత్రం అది. ఆఫీసునుంచి తడిసి ముద్దయి వచ్చేసరికి అవ్వ దీపం పక్కన కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"వచ్చినాడప్పా! మంచోడు. గొడుగు మడిచి, చెప్పులు ఇడిసి, ముగ్గు తొక్కకుండా పక్కన నిలబడినాడు. కన్నడమోడే, అయినా తెలుగులోనే అడిగినాడు."

"ఏమడిగినాడు? నువ్వేం చెప్పినావు?"

"ఇల్లుండాదా అమ్మా అన్నాడు. అప్పుడే దీపం పెట్టి ఉండా. నిండుకుండాదప్పా అన్నా."

ఆయన ఎటు పోయాడోనని వీధి పొడుగునా చూశాను.

"అర్థమయింది ఆయప్పకి. నవ్వి దండం పెట్టినాడు" అంది ఆమె. ఆ అర్థమయిందన్న నమ్మకం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆమె దృష్టిలో అర్థం కాకపోవడానికేముంది? దీపం పెట్టే ఇంట్లో పుట్టిన ఏ మనిషికి అర్థం కాదు?

గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తాను. వీధి మలుపులో ఒక అంగడి చూరు కింద దొరికాడాయన. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. వగరుస్తూ చెప్పాను, ఆ మాటకి అర్థం అది కాదు, ఇల్లు లేదని ఆమె చెప్పిందని. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నిండుకుండాదంటే మా కన్నడంలో తుంబిదె అంతానే కదా సార్? ఇల్లు నిండుగా ఉండాదని ఆ తాయి నోటితో చెప్పింది, నా చెవులతో విన్నాను. దీపం ఉండాది, ముగ్గు ఉండాది, పెట్టె ఉండాది. నిండు ఇల్లే అనుకున్నాను" అన్నాడు. ఆయన మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే ఆమెని చూసి సంతోషపడ్డాడు.

"రేపు పొద్దున ఒకసారి వచ్చి అడగండి. పొద్దునైతే చెప్తుంది" అన్నాను.

"పొద్దునైతే ఇల్లు లేదు, సాయంత్రమైతే ఇల్లుంది అంటే పైన ఏమని చెప్పేది సార్?" అన్నాడు. తర్వాత కొంచెం జాలిపడి, "మీ వీధిలో యెవరూ లేదనలేదు. జగిలి మీద ఉన్నోళ్లందరూ మాకుండాది అనే అన్నారు. ఇంత మంచి వీధి నేను చూడలేదు" అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

నేను వానలో నిలబడిపోయాను. ముసలి హమాలీ, గుడ్డి వైద్యుడు, తల్లీ కూతురూ అందరూ అదే అని ఉంటారు. ఉండమని ఒక పెద్ద మనిషి మాట ఇచ్చిన చోటుని ఇల్లు కాదని ఏ నోటితో అంటారు?

ఆఫీసులో మా పెద్దాయనకి చెప్పుకున్నాను. ఆయన పగలబడి నవ్వి, సెక్షన్ అంతా పిలిచి చెప్పి నవ్వించాడు. నిండుకోవడం అన్న మాట అక్కడ సగంమంది ఇళ్లలో రోజూ వినబడేదే. అందరికీ అర్థమయింది. అర్థమై ఏం లాభం? "నోటి మాటే ప్రమాణం అని పైవాళ్లన్నారు, నేను మార్చేదానికి లేదు" అన్నాడు నవ్వు ఆపి. అవ్వకి నేను అసలు సంగతి చెప్పలేదు. చెబితే ఆమె పరువు పోయినట్టు కుమిలిపోతుంది. వచ్చే ఏడు ఇంకోసారి అడుగుతారు, అప్పుడు పగలు రమ్మంటానని నాకు నేను చెప్పుకున్నాను.

చలికాలం దాటాక రోడ్డు పని ఆ కొసనుంచి మొదలైంది. ఇటుక దుమ్ముతో వీధి ఎర్రబడింది. ఒక్కో ఇంటి ముందూ జగిలి పోతుంటే, దాని మీది మనిషి మూట కట్టుకుని ఎటో నడిచిపోవడం చూస్తూ వచ్చాం. ఇంతలో, మా ఇంటికి కొంచెం దూరంలో ఉండగా, పని ఆగిపోయింది. రోడ్డుకి పెట్టిన సొమ్ము అయిపోయిందన్నారు. పలుగులూ పారలూ బండికెక్కించుకుని కూలీలు వెళ్లిపోయారు.

"చూడప్పా, రాయి యాడికి పోతాదని నేను చెప్పలేదా?" అంది అవ్వ. నేనూ నమ్మాను. ఆ కొద్ది రోజులూ నేను బెంగళూరులో సుఖంగా ఉన్నాననే చెప్పాలి.

మార్చి నెల వచ్చింది. ఏడాది లోపల ఖర్చు కాని సొమ్ముని మా ఆఫీసులో మురిగిపోయిందంటారు. అన్నం మురిగిపోయినట్టే. మురిగిపోయే ముందు, కావాలన్న ఇంకో పద్దుకి మళ్లించవచ్చు. ఇళ్ల పద్దులో సొమ్ము చాలామటుకు అట్లాగే పడి ఉంది. మా పేటలో ఇల్లు లేనివాళ్లే లేరని తేలింది మరి. దాన్ని దేనికి మళ్లించాలన్నది పైవాళ్లు తేల్చి పంపించారు. ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. మా వీధిలో ఆగిపోయిన రోడ్డు ముగించడానికి.

అవ్వ ఇల్లు, అవ్వ జగిలిని పగలగొట్టడానికి బయలుదేరింది. టైపు కొట్టి ఇచ్చి, కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను. నా మొహం చూసి ఆ రోజు ఎవరూ నన్ను ముళ్లకంప అనలేదు.

కూలీలు తిరిగొచ్చారు. జగిలి రాళ్లు ఊడదీయడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఇంటాయనకి అడుగుల లెక్కన పరిహారం ఇచ్చారు. గోడలో గూటికి కూడా లెక్క కట్టారు. గూట్లో దీపం పెట్టిన మనిషికి లెక్కే లేదు. లోపల నడవలో ఆమెకి ఒక మూల ఇమ్మని ఇంటాయన్ని బతిమాలాను. ఆయన చెడ్డవాడేం కాదు. "మా అమ్మ జగిలి ఇచ్చింది, ఇల్లు ఇయ్యలేదు కదప్పా. లోపల మాకే చోటు సాలదు" అన్నాడు కళ్లొత్తుకుంటూ. నా గది తీసుకొమ్మని, నేను లాడ్జికి పోతానని అవ్వతో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ ఇంట్లో నేనుంటే నువ్వు యాడుంటావప్పా? ఇద్దరం వీధిలో పడతాం. నా కతేమి, మార్కెట్టు దగ్గర అంగళ్ల పంచలు లేవా?" అని, లేవా అన్న తన మాట తానే విని నాలిక కరుచుకుంది. అప్పటికి పొద్దు వాలుతోంది. పెట్టడానికి దీపం మాత్రం ఎక్కడా లేదు.

వెళ్లేముందు కిటికీ దగ్గర ఆగి, ఊచలకి కట్టిన పొరక వైపు చూసింది. "అది ఉండనీ. ఇల్లు రాగానే వచ్చి తీసుకుంటా" అంది.

కొన్ని ఆదివారాలు మార్కెట్టుకి పోయి చూసి వచ్చాను. ఒక మూసిన అంగడి పంచన ఆకులు కుడుతూ కనబడేది. నన్ను చూడగానే కొంగుతో నేల తుడిచి, "కూర్చో అప్పా" అనేది, సొంత జగిలి మీద కూర్చోబెట్టినట్టే. ఒక ఆదివారం కనబడలేదు. బిచ్చగాళ్లని ఎక్కించుకుపోయే బండి వచ్చిందనీ, పంచల్లో ఉన్నవాళ్లందరినీ ఎక్కించుకుపోయిందనీ పక్క అంగడాయన చెప్పాడు. ఆ బండికి ఏటా సొమ్ము పెట్టేవాళ్లు. అది ఏనాడూ మురిగిపోలేదని నాకు బాగా తెలుసు.

వాళ్లని ఉంచే చోటికి వెతుక్కుంటూ పోయాను. గేటు దగ్గర మనిషి ఆమె మీకేమవుతుందని అడిగాడు. ఏమవుతుందని చెప్పేది? మా కిటికీ అవతల ఉండేది అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, విస్తళ్లు కుట్టే ముసలామె ఎవరూ రాలేదన్నాడు. ఇంకో రెండు చోట్ల అడిగాను. ఎక్కడా లేదు. దారిలో దిగిపోయిందో, ఏ ఊరి బస్సెక్కిందో, నాకు ఈనాటికీ తెలియదు. గదికి తిరిగొచ్చి కిటికీ తెరిస్తే నేరుగా రోడ్డు, లారీల హారన్లు. దగ్గితే అడిగేవాళ్లు లేరు. ఆ తర్వాత కొన్ని నెలలు నేను ఎవరితో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. ఏమీ మాట్లాడి ఉండను.

అరవైలు సగం దాటాక, ఉద్యోగస్తులకని సర్కారు కట్టించిన ఇళ్లలో నాకొకటి దొరికింది. ఊరి చివర, ఒంటి మనిషికి ఎక్కువే అనిపించే ఇల్లు. కట్టినవాడెవడో వాకిలి పక్కన గోడలో ఒక గూడు పెట్టాడు. సామాను సర్దుకునేటప్పుడు, గుడ్డలో చుట్టిన పొరక విప్పి చూశాను. ఇంకా పచ్చి వాసన కొడుతున్నట్టే ఉంది. పాత గదిలో వాడిన పొరక అక్కడే వదిలేసి, అవ్వ ఇంటి పొరకతో నా ఇల్లు ఊడ్చుకున్నాను. తాకొద్దన్న మాట గుర్తుంది. కానీ అది ఏ ఇంటికీ చేరకుండా ఎండిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ సాయంత్రం గూట్లో దీపం పెట్టాను. దేవుడి మీద భక్తి కంటే, ఆ గూడు ఖాళీగా ఉంటే చూడలేకనే ఎక్కువ.

కొన్నాళ్లకి, దీపం పెట్టిన కాసేపటికి, వాకిట్లో ఎవరో పిలిచారు. ఇంటింటికీ తిరిగి మనుషుల్ని రాసుకునే ఉద్యోగి. తల నెరుస్తున్నాడు. మాట వింటూనే మా తెలుగు సరిహద్దు పక్కవాడని తెలిసిపోయింది.

"ఇంట్లో యెవరెవరుండారు సార్?"

నోరు తెరిచాను. ఎవరూ లేరన్నది రెండు ముక్కల మాట. ఆఫీసులో రోజుకి వందసార్లు లేదని చెప్పే నోరు నాది. పక్కన గూట్లో దీపం వెలుగుతోంది. ఆ మాట నా నోటికి రాలేదు. అవ్వకి ఆ సాయంత్రం ఎందుకు రాలేదో నాకు అప్పుడు తెలిసింది.

"నిండుకున్నారప్పా" అన్నాను.

ఆయన పెన్ను ఆగింది. దీపం వైపు చూశాడు, నా వైపు చూశాడు, లోపల ఊడ్చి పెట్టిన ఖాళీ గది వైపు చూశాడు. "అట్లనా సార్" అన్నాడు మెల్లగా. చెప్పులు విడిచి, గడపకి ఇవతల కూర్చున్నాడు. "ఈ వరసలో మీదే కడాపటి ఇల్లు. రొంచేపు కూర్చుంటా, ఏమనుకోవద్దండి."

ఆయనకి ఒక్క మాటలో అర్థమైపోయింది. ఆ వాన సాయంత్రం కాటన్‌పేటకి వచ్చింది ఈయనే అయి ఉంటే అవ్వకి ఇల్లుండేది. పరాయి మనిషి ముందు ఎప్పుడూ ఏడవనివాణ్ణి, ఆ రోజు ఏడ్చాను. చీకటి పడుతుండగా ఆయన లేచి, నన్ను మళ్లీ కదిలించకుండా తానే కాగితంలో ఒకరు అని రాసుకున్నాడు. తప్పు రాయలేదు.